కొండగట్టు కింద తెగని గొలుసు

హనుమాన్ పెద్ద జయంతి రోజుల్లో కొండగట్టు కింద ఏ కొబ్బరికాయల దుకాణం ముందు నిలబడ్డా ఈ మాటలు చెవిన పడతాయి.

"అన్నా, కొట్టిన సూడు."

"ఇంకా సప్పుడు రాలే తమ్మీ."

"నాకైతే పైసలు కట్టయినయ్. మెసేజ్ గూడ అచ్చింది."

"నీకు అచ్చింది, నాకు రావాలె గదా. జర ఆగు."

వెనక కాషాయం కట్టిన స్వాములు బారులు తీరి ఉంటారు. వేలమంది ఒకేచోట ఫోన్లు తీస్తే సిగ్నల్ మందగిస్తుంది. బల్ల మీది స్పీకర్ డబ్బా మాట్లాడదు. కుర్రాడు అబద్ధమాడటం లేదు. దుకాణందారు అనుమానంలోనూ తప్పు లేదు. డబ్బు ఎక్కడుందన్నది వాళ్ల మధ్య నలుగుతున్న ప్రశ్నలో సగమే. ఎవరికి ఏం తెలుసు, అవతలివాడికి తెలుసన్న సంగతి ఇవతలివాడికి తెలుసా అన్నది మిగతా సగం. ఈ రెండో సగాన్ని కంప్యూటర్ శాస్త్రం దాదాపు 50 ఏళ్లుగా తవ్వుతోంది. ఆ తవ్వకంలో రెండు శాస్త్రాలు ఎదురుపడ్డాయి. ఒకటి, తెలియడం అంటే ఏమిటో లెక్కగట్టే జ్ఞాన తర్కం. రెండోది టోపాలజీ, అంటే ఆకారాలను సాగదీసినా వంచినా వాటిలో ఏది మారకుండా మిగులుతుందో చూసే గణితం.

కొండగట్టు జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో ఉంది, 2016 దాకా ఇది కరీంనగర్ జిల్లాయే. గుట్ట పక్కనే నాచుపల్లిలో 2007లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ అనే పాఠం చదివే పిల్లలు ఎవరైనా జయంతి నాడు కిందికి దిగి ఆ దుకాణం ముందు పది నిమిషాలు నిలబడితే, ఆ పాఠంలో అన్నిటికన్నా లోతైన సిద్ధాంతం కళ్లముందే నడుస్తుంటుంది. దాన్ని కాగితం మీద గీసి చూద్దాం. గీయడానికి చుక్కలూ గీతలూ చాలు.

మధ్యనున్న బ్యాంకులను కాసేపు పక్కన పెడదాం. ఉన్నవి రెండు ఫోన్లే. కుర్రాడి ఫోన్ "పంపాను" అని ఒక కబురు పంపుతుంది. అది చేరవచ్చు, దారిలో పోవచ్చు. చివరికి ఇద్దరూ ఒకే మాట అనాలి: "బేరం అయింది" అని ఇద్దరూ, లేదా "కాలేదు" అని ఇద్దరూ. ఒకరు అయిందని, ఇంకొకరు కాలేదని అంటే గొడవే. ఒక్క కబురూ అందని దుకాణందారు "కాలేదు" అనే తీరాలి, లేకపోతే ఎవరొచ్చి అడిగినా కాయలు ఇచ్చెయ్యాల్సి వస్తుంది.

కుర్రాడి పరిస్థితికి ఒక చుక్క పెట్టండి: "పంపాను". దుకాణందారుకు రెండు చుక్కలు కావాలి: "అందలేదు", "అందింది". ఏ రెండు పరిస్థితులు ఒకే సమయంలో నిజం కాగలవో ఆ రెండు చుక్కలను గీతతో కలపండి. "అందలేదు" నుంచి "పంపాను"కు ఒక గీత, అక్కడి నుంచి "అందింది"కి ఇంకొకటి. కుర్రాడి చుక్క నడిమధ్యన పడింది. తాను ఎడమ గీత మీద ఉన్నాడో కుడి గీత మీద ఉన్నాడో వాడికి తెలియదు. వాడి అయోమయమంతా ఆ ఒక్క చుక్కకు రెండు గీతలు తగలడంలోనే ఉంది.

సరే, అందగానే "అందింది" అని తిరుగు కబురు పంపే ఏర్పాటు చేద్దాం. ఇప్పుడు కుర్రాడి చుక్క రెండుగా చీలుతుంది: "జవాబు రాలేదు", "జవాబు వచ్చింది". గొలుసును ఎడమ నుంచి చదివితే: దుకాణందారుకు అందలేదు, కుర్రాడికి జవాబు రాలేదు, దుకాణందారుకు అందింది, కుర్రాడికి జవాబు వచ్చింది. నాలుగు చుక్కలు, మూడు గీతలు. కుర్రాడికి జవాబొస్తే వాడి అనుమానం తీరింది, కానీ అది ఇప్పుడు దుకాణందారుకు అంటుకుంది: నా జవాబు వాడికి చేరిందా? ఇంకో కబురు పెడితే నాలుగు గీతలు. వంద కబుర్లు పెడితే నూటొక్క గీతలు. గొలుసు పెరుగుతూనే పోతుంది, ఎక్కడా తెగదు.

ఇప్పుడు ఎడమ కొస నుంచి నడవండి. "అందలేదు" అన్న చుక్క దగ్గర నిర్ణయం "కాలేదు". దానికి గీతతో కలిసిన చుక్క కూడా "కాలేదు" అనాలి, ఎందుకంటే ఆ రెండూ ఒకేసారి జరగగలవు, ఇద్దరి మాటా కలవాలి. దాని పక్కదీ అంతే. అలా కుడి కొస దాకా "కాలేదు" పాకుతుంది. వంద కబుర్లూ క్షేమంగా చేరినా బేరం కాదు! కుడి కొసన "అయింది" అని రాసే ధైర్యం చేస్తే, మధ్యలో ఎక్కడో ఒక గీతకు ఒక కొసన "కాలేదు", ఇంకో కొసన "అయింది" వచ్చి తీరుతుంది. పైసలు కట్టయి కాయలు చేతికి రాని సందర్భం, లేదా కాయలు పోయి పైసలు రాని సందర్భం, ఆ గీత మీదే ఉంది. ఇంకో కబురు జతచేస్తే ఆ గీత పక్కకు జరుగుతుందంతే. ఎంత తెలివైన ప్రోగ్రామర్ అయినా దాన్ని గొలుసులోంచి తీసెయ్యలేడు. ఇది ఇంజినీరింగ్ లోపం కాదు, గణితం.

ఈ చిక్కును మొదట ముద్రణలో పెట్టింది 1975లో. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం స్టోనీబ్రూక్‌లో పనిచేస్తున్న ముగ్గురు, అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్, ఆపరేటింగ్ సిస్టమ్స్ సదస్సుకు ఒక పత్రం సమర్పించారు. ఆ మధ్య పేరు వినగానే తెలుగు చెవికి చుట్టరికం తోస్తుంది. వాళ్ల పత్రంలో పాత్రలు రెండు దొంగల ముఠాలు, ఒకదానికొకటి కబురు పంపుకోవాలి, కబురు తీసుకెళ్లేవాడు దారిలో దొరికిపోవచ్చు. 1978లో డేటాబేసుల పండితుడు జిమ్ గ్రే అదే కథలో ముఠాలను తీసి సేనాపతులను పెట్టాడు. అప్పటి నుంచి పాఠ్యపుస్తకాల్లో అది "ఇద్దరు సేనాపతుల సమస్య"గా స్థిరపడింది.

అడ్డం పడుతున్నది సరిగ్గా ఏమిటో తేల్చింది మాత్రం జోసెఫ్ హాల్‌పెర్న్, యోరామ్ మోసెస్. 1984లో సదస్సులో చదివి, 1990లో పూర్తి రూపంలో అచ్చువేసిన పత్రం అది. 1997లో గోడెల్ బహుమతి, 2009లో డైక్‌స్ట్రా బహుమతి దానికి దక్కాయి. తెలియడానికి వాళ్లు వాడిన నిర్వచనం 1962లో ఫిన్లాండ్ తత్వవేత్త యాకో హింటికా వేసిన బాటలోనిదే: నా కంటికి కనిపిస్తున్నదాన్ని బట్టి ఏయే పరిస్థితులు సాధ్యమో వాటన్నిటిలోనూ ఒక మాట నిజమైతే, ఆ మాట నాకు తెలిసినట్టు. మన గొలుసులో చెప్పాలంటే, నా చుక్కకు తగిలే గీతలన్నిటి మీదా నిజమైతే నాకు తెలుసు. నీకు తెలుసని నాకు తెలియాలంటే ఇంకో గీత అవతల దాకా నిజం కావాలి. నీకు తెలుసని నాకు తెలుసని నీకు తెలియాలంటే ఇంకొకటి. ఇలా ఎంతదాకా పోయినా నిజంగానే నిలిస్తే అది ఉమ్మడి ఎరుక. అంటే గొలుసులో ఈ కొస నుంచి నడిచి చేరగలిగిన గీతలన్నిటి మీదా నిజం కావాలి. ఎడమ చివరి గీత మీద కబురు అందనే లేదు. గొలుసు తెగనంతకాలం అక్కడికి నడిచి పోవచ్చు. కాబట్టి "కబురు అందింది" అన్నది ఎన్నటికీ ఉమ్మడి ఎరుక కాదు. ఇద్దరూ ఒక్కమాట మీద కదలాలంటే కావలసింది ఆ ఉమ్మడి ఎరుకే. కబురు దారిలో పోయే వీలున్నచోట, కబుర్లతో కొత్త ఉమ్మడి ఎరుకను పుట్టించలేమని వాళ్లు నిరూపించారు.

మరి గుట్ట మీద మైకులో ఒక్కసారి చెబితే వేలమంది ఒకేసారి లేచి నిలబడతారు కదా, అక్కడ ఎలా కుదురుతోంది? నన్నడిగితే ఈ శాస్త్రంలో అన్నిటికన్నా అందమైన భాగం ఈ ప్రశ్నకు జవాబులోనే ఉంది. పాత పొడుపు ఒకదాన్ని కొండగట్టుకు తెచ్చి చూద్దాం.

దీక్షలో ఉన్న ముగ్గురు స్వాములు దర్శనం చేసుకుని బయటికొచ్చారు. తోపులాటలో ఎవరి నుదుటి సిందూరం నిలిచిందో, ఎవరిది పూర్తిగా చెరిగిందో తెలియదు. ఎదుటివాళ్ల నుదురు కనిపిస్తుంది, తమది కనిపించదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. నిజానికి మొదటి స్వామికి, రెండో స్వామికి సిందూరం ఉంది, మూడో స్వామికి లేదు. అప్పుడు మైకులో వినిపించింది: "మీ ముగ్గురిలో కనీసం ఒకరి నుదుట సిందూరం ఉంది. తన నుదుట ఉందని ఖాయంగా తెలిసినవారు చెయ్యెత్తండి." ఎవరూ ఎత్తలేదు. అదే మాట మళ్లీ అడిగారు. ఈసారి మొదటి ఇద్దరూ చెయ్యెత్తారు.

మొదటి స్వామి ఆలోచన ఇలా సాగింది: నాకు లేకపోతే రెండో స్వామికి ఎవరి నుదుటా సిందూరం కనిపించదు. కనీసం ఒకరికి ఉందన్నారు కాబట్టి అది తనదేనని ఆయన మొదటిసారే చెయ్యెత్తేవాడు. ఎత్తలేదు. అంటే నాకూ ఉంది. రెండో స్వామిదీ అదే ఆలోచన.

మైకు చెప్పింది వాళ్లలో ఏ ఒక్కరికీ కొత్త సంగతి కాదు. ప్రతి ఒక్కరికీ కనీసం ఒక నుదుట సిందూరం కనిపిస్తూనే ఉంది. అయినా మైకు పలక్కపోతే ఎన్నిసార్లు అడిగినా ఎవరూ చెయ్యెత్తలేరు. అందరికీ తెలిసిన సంగతి చెప్పి మైకు ఏం చేసింది?

ఆకారం గీస్తే జవాబు కంటికి కనిపిస్తుంది. ముగ్గురికీ ఉండటం లేకపోవడం లెక్కేస్తే సాధ్యమైన పరిస్థితులు 8. ముగ్గురు మనుషులు కాబట్టి ఒక్కో పరిస్థితికి ఒక్కో త్రికోణం గీద్దాం. ఒక్కో మూల ఒక్కో స్వామిది, ఆయనకు ఏం కనిపిస్తోందో ఆ మూల చెబుతుంది. తన నుదురు తనకు కనిపించదు కాబట్టి, ప్రతి మూలా సరిగ్గా రెండు త్రికోణాలకు చెందుతుంది: తనకు సిందూరం ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. 8 త్రికోణాలు, 12 మూలలు, అన్నీ మూలల దగ్గర అతుక్కుని ఒకే ముద్దగా ఉంటాయి. ఎవరికీ ఏమీ తేలకపోవడం అంటే ఈ అతుకులే.

మైకు మాటతో "ఎవరికీ లేదు" అన్న త్రికోణం ఊడిపోయింది. దాని పొరుగు త్రికోణాలు మూడు, ఒక్కరికే సిందూరం ఉన్నవి. ఒక్కోదానిలో ఒక మూల ఇప్పుడు ఒంటరిదైంది. ఆ మూలలో ఉన్నవాడికి తన సంగతి తెలిసినట్టే. మొదటిసారి ఎవరూ చెయ్యెత్తకపోయేసరికి ఆ మూడు త్రికోణాలూ ఊడిపోయాయి. మిగిలినవి నాలుగు. మన ముగ్గురున్న త్రికోణంలో మొదటి, రెండో స్వాముల మూలలు ఇప్పుడు ఒంటరివయ్యాయి, చేతులు లేచాయి. మూడో స్వామి మూల మాత్రం "ముగ్గురికీ ఉంది" అన్న త్రికోణానికి ఇంకా అతుక్కునే ఉంది. ఆ రెండు చేతులూ చూశాక అదీ ఊడిపోయి, తన నుదుట సిందూరం లేదని ఆయనకూ తెలిసిపోతుంది. మౌనం కూడా అందరి ముందూ జరిగితే కత్తెరలా పనిచేస్తుందన్నది ఈ పొడుపులో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే సంగతి.

తేడా అదీ. అందరూ ఒకేసారి విని, అందరూ విన్నారని అందరూ చూసిన మాట ఆకారంలోంచి ఒక ముక్కను కోసేస్తుంది. దారిలో పోగల కబురు కొత్త చుక్కలను, కొత్త గీతలను చేరుస్తుందే గాని దేన్నీ కోయదు. మైకు కూడా ఏ మూలనో వినపడదన్న అనుమానం ఉంటే, కత్తెర మొద్దుబారి మళ్లీ గొలుసు మొదలవుతుంది.

కంప్యూటర్ల లోకంలో మైకులు దాదాపు లేవు. వేర్వేరు ఊళ్లలోని యంత్రాలు వేర్వేరు వేగాలతో నడుస్తాయి, ఏదో ఒకటి ఆగిపోవచ్చు. 1985లో ఫిషర్, లించ్, పాటర్సన్ ఒక నిరూపణ ప్రచురించారు: కబుర్లు అన్నీ చేరతాయనుకున్నా సరే, ఎంతసేపట్లో చేరతాయో హద్దు లేకపోతే, ఒక్క యంత్రం ఆగిపోయే వీలున్నా, అన్నీ కలిసి ఒక్క నిర్ణయానికి వచ్చే ఖాయమైన పద్ధతి లేదు. జవాబు రాని యంత్రం ఆగిపోయిందో నెమ్మదిగా నడుస్తోందో ఎన్నటికీ తేల్చుకోలేకపోవడమే కారణం.

ఆ తర్వాత వచ్చిన ప్రశ్న సోమా చౌధురి 1990లో వేసింది. అందరూ ఒక్క మాట మీదికి రాలేకపోతే పోనీ, ముగ్గురు మూడు మాటలు అనకుండా కనీసం రెండుకు కుదించగలమా? దీన్ని 1993లో మూడు జట్లు విడివిడిగా ఛేదించాయి: బరోవ్‌స్కీ, గాఫ్నీ ఒక జట్టు, హెర్లిహీ, షవిత్ ఇంకొకటి, శాక్స్, జహారోగ్లు మరొకటి. మూడింటి చేతుల్లోనూ ఉన్న పనిముట్టు టోపాలజీయే. చివరి రెండు జట్లకు 2004లో గోడెల్ బహుమతి వచ్చింది.

వాళ్ల చిత్రం ఇలా ఉంటుంది. ముందు రెండు యంత్రాలు తీసుకోండి. రెండూ ఒక పలక మీద తమ విలువ రాసి, పలకను చదువుతాయి. మొదటిది తన రాత ఒక్కటే చూసి ఉండొచ్చు, రెండోది తనది ఒక్కటే చూసి ఉండొచ్చు, రెండూ రెండింటినీ చూసి ఉండొచ్చు. ఒక్క గీత మూడు గీతలయింది. ఇంకో విడత రాసి చదివితే 9, ఆపైన 27. చీలికలు పెరుగుతాయి, తెగడం లేదు. మూడు యంత్రాలైతే ఒక త్రికోణం ఒక్క విడతలో 13 చిన్న త్రికోణాలుగా చీలుతుంది, రెండు విడతల్లో 169గా. ఎన్ని విడతలైనా ఆ త్రికోణంలో చిల్లు పడదు, చీలి రెండు ముక్కలు కాదు. ఇప్పుడు 1928 నాటి స్పెర్నర్ సూత్రం అక్కరకొస్తుంది: పెద్ద త్రికోణం మూడు మూలలకు మూడు రంగులు వేసి, అంచుల మీది చుక్కలకు ఆ అంచు కొసల రంగులే వాడి, లోపల ఇష్టమొచ్చినట్టు వేసినా, మూడు రంగులూ ఉన్న చిన్న త్రికోణం కనీసం ఒకటి ఉండి తీరుతుంది. రంగు అంటే నిర్ణయం అనుకోండి, ఏ యంత్రమైనా తనకు కనిపించిన విలువల్లోంచే ఒకదాన్ని ఎంచుకోవాలి. ముగ్గురూ మూడు మాటలు అనే సందర్భం తప్పదన్నమాట. కంప్యూటర్లు పుట్టకముందు స్పెర్నర్ రాసిన సూత్రం డేటా సెంటర్ల హద్దును గీసింది!

తర్కం వాళ్లు ఒకవైపు, ఆకారాల వాళ్లు ఒకవైపు పాతికేళ్లు దాదాపు వేర్వేరుగానే నడిచారు. 2018లో ఫ్రాన్స్‌కు చెందిన ఎరిక్ గూబో, జెరెమీ లెదాఁ, మెక్సికోలో పనిచేసే సెర్జియో రైస్‌బామ్ కలిసి, తర్కం వాళ్ల సాధ్య పరిస్థితుల పటమూ టోపాలజీ వాళ్ల త్రికోణాల ముద్దా ఒకదాన్నుంచి ఒకటి పొందగలిగేవేనని చూపారు. మన సిందూరం పొడుపుకు పైన గీసిన బొమ్మ ఆ చూపుతో గీసినదే. దీనివల్ల లాభం ఏమిటంటే, ఒక పని ఎందుకు అసాధ్యమో చెప్పేటప్పుడు "చిల్లు లేదు, తెగలేదు" అని ఆగిపోకుండా, ఏ సంగతి తెలియక అసాధ్యమైందో మాటల్లో చెప్పగలిగే వీలు దొరికింది. ఇంజినీరుకు కావలసింది ఆ రెండోదే.

మరి ఇంత అసాధ్యమైతే యూపీఐ నడుస్తున్నదెలా? 2016లో మొదలై 2023 ఆగస్టులో మొదటిసారి ఒక్క నెలలో 1000 కోట్ల లావాదేవీలు దాటింది కదా. సిద్ధాంతాన్ని ఎవరూ ఓడించలేదు, అడిగే ప్రశ్ననే కాస్త మార్చుకున్నారు. ఈ క్షణంలోనే ఇద్దరికీ ఒకే ఎరుక కావాలని పట్టుబట్టకుండా, ఫలానా గడువులోగా లెక్క కుదిరితే చాలన్నారు. కాలానికి హద్దు పెట్టి ఉమ్మడి ఎరుకను సడలించే ఈ మార్గాన్ని హాల్‌పెర్న్, మోసెస్ తమ పత్రంలోనే చర్చించారు. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన ఆదేశం చూడండి: దుకాణంలో యూపీఐతో కట్టినప్పుడు ఖాతాలోంచి డబ్బు పోయి, దుకాణానికి ఖరారు కబురు రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా డబ్బు తనంతట తాను వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం. గొలుసులో ఆ చెడ్డ గీత ఉండి తీరుతుందని ఒప్పుకుని, దాని మీద చిక్కుకున్నవాడికి ఏం చెయ్యాలో రాసిన నియమం అది. నా దృష్టిలో ఇది చాలా నిజాయితీ ఉన్న నియమం. నూటికి నూరుపాళ్లు తప్పు జరగదని హామీ ఇచ్చే వ్యవస్థ ఏదైనా ఉంటే, దాన్నే నేను అనుమానిస్తాను.

ఇంకో ఉపాయం ప్రతి లావాదేవీకీ ఇచ్చే 12 అంకెల యూటీఆర్ నంబరు. ఒకే నంబరుతో అదే కబురు పదిసార్లు వచ్చినా బ్యాంకు ఒక్కసారే లెక్కపెట్టుకోగలదు. అందుకే యంత్రాలు జవాబు రాకపోతే భయపడకుండా మళ్లీ మళ్లీ అడుగుతాయి. కుర్రాడు మళ్లీ స్కాన్ చేసి మళ్లీ కొడితే మాత్రం కొత్త నంబరు పడుతుంది, అది కొత్త చెల్లింపే. డబ్బా మాట్లాడనప్పుడు రెండోసారి కొట్టకుండా ముందు ఆ నంబరుతో మొదటిదాని సంగతి చూసుకోవాలని జాతరకు వెళ్లే ప్రతి ఇంట్లోనూ చెప్పాలి. రెండుసార్లు పోయిన డబ్బులో రెండోది వ్యవస్థ తప్పు కిందికి రాదు, తనంతట తాను తిరిగిరాదు.

ఈ శాస్త్రంలో చివరిగా చెప్పుకోవలసిన ఫలితం ఇంకా విచిత్రమైనది. రెండు యంత్రాలకు ఒక పని అప్పజెప్పి, ఒకదాని కోసం ఒకటి ఆగకుండా అది చేయగలవా అని అడిగితే, జవాబు లెక్కగట్టే పద్ధతి ఉంది. గొలుసులు గీసి, ఎక్కడ అతికి ఉన్నాయో ఎక్కడ తెగాయో చూస్తే చాలు. యంత్రాలు మూడైతే ఆ ప్రశ్న వేరే అవుతుంది: ఒక ఆకారం మీద గీసిన ఉచ్చును తెంపకుండా బిగించి ఒక్క చుక్కగా కుదించగలమా, మధ్యలో చిల్లు అడ్డం పడుతుందా? అన్ని ఆకారాలకూ దీనికి జవాబు చెప్పగల ప్రోగ్రామ్ ఉండదని గణితజ్ఞులకు అంతకు ముందే తెలుసు. దాన్ని పట్టుకుని గాఫ్నీ, కుట్సుపియాస్ ఒకవైపు, హెర్లిహీ, రైస్‌బామ్ ఇంకోవైపు 1990ల చివర్లో నిరూపించారు: మూడు లేదా అంతకుమించిన యంత్రాలకు, ఇచ్చిన పని ఇలా సాధ్యమో కాదో అన్ని సందర్భాల్లోనూ తేల్చి చెప్పే పద్ధతి లేదు. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఒక్కో పనినీ విడిగా తీసుకుని, దాని త్రికోణాలను గీసుకుని, చిల్లు ఎక్కడుందో చేత్తో వెతుక్కుంటున్నారు.